రామెన్ కొట్లో మారు వడ్డన

మా ఇంట్లో అన్నం దగ్గర "వద్దు" అనే మాటకి విలువ ఉండేది కాదు. మొదటిసారి వద్దంటే మొహమాటం, రెండోసారి వద్దంటే మర్యాద, మూడోసారి అంటే అప్పుడు ఆలోచిద్దాంలే అన్నట్టు మా అమ్మ గరిటె పట్టుకుని నిలబడేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ విషయంలో ఆ సామెత శుద్ధ తప్పు. గుంటూరు జిల్లాలో మా ఇంటికి భోజనానికొచ్చి మారు వేసుకోకుండా లేచినవాడు లేడు. ఎవరైనా ఒక్క వడ్డనతో చెయ్యి కడుక్కుంటే, "కూర కుదర్లేదు కాబోలు" అని ఆవిడ రెండు రోజులు దిగులుపడేది. నేను ఆ అమ్మ కూతుర్ని. ఆస్ట్రేలియాలో ఒక జపాన్ వాళ్ళ కొట్లో నేను చేసిన నిర్వాకానికి ఇంతకు మించి సంజాయిషీ నా దగ్గర లేదు. అది తప్పని నేను ఇప్పటికీ అనుకోను.

ఎనభైల చివర్లో మా ఆయనకి గోల్డ్ కోస్ట్‌లో ఉద్యోగం వచ్చింది. ఆయన సివిల్ ఇంజనీరు. ఆ రోజుల్లో అక్కడ సముద్రం ఒడ్డునంతా జపాన్ వాళ్ళ డబ్బుతో హోటళ్ళు లేస్తున్నాయి. వీధిలోకి వెళ్తే బోర్డులు సగం వాళ్ళ లిపిలోనే. కొత్తగా పెళ్ళయిన జపాన్ జంటలు బస్సుల నిండా దిగేవాళ్ళు. మొగుడూ పెళ్ళాం ఒకే రంగు టీషర్టులు వేసుకుని, కొవాలా బొమ్మలు చంకలో పెట్టుకుని, ఫొటోలు తీసుకుంటూ తిరిగేవాళ్ళు. తెలుగు మాట వినాలంటే మాత్రం గంటన్నర కారులో బ్రిస్బేన్ పోవాలి. ఆదివారం చర్చి తప్పితే మిగతా వారమంతా ఫ్లాట్‌లో నేనూ, ఫ్రిజ్జూ. అది గుర్రుమన్నప్పుడల్లా ఎవరో పలకరించినట్టు తిరిగి చూసేదాన్ని.

ఒకరోజు సర్ఫర్స్ ప్యారడైజ్ అనే బీచి పేటలో, కొట్ల వరసలున్న ఒక ఆర్కేడ్ లోపల, నీలం గుడ్డ తెర వేలాడుతున్న కొట్టు అద్దం మీద మనిషి కావాలని రాసి ఉండటం చూశాను. ఆ సాయంత్రమే మా ఆయనకి చెప్పాను.

"ఏవండీ, నేను జాబ్‌కి వెళ్తా."

"ఎక్కడికి?"

"సర్ఫర్స్‌లో జపాన్ వాళ్ళ నూడుల్స్ షాపంట. హెల్ప్ కావాలని అద్దం మీద రాసుంది."

"నూడుల్సా? నీకు సేమ్యా ఉప్మానే ముద్దయిపోద్ది గదా!"

"వండమన్లేదు లెండి, వడ్డించమన్నారు. వడ్డించడం నాకొకళ్ళు నేర్పేదేంది?"

ఆయన నవ్వి ఊరుకున్నారు. ఆ మాటే తర్వాత నా నెత్తికి చుట్టుకుంటుందని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు.

అది రామెన్ కొట్టు. రామెన్ అంటే లోతైన గిన్నెలో వేడి వేడి పులుసు, అందులో సన్నటి గోధుమ నూడుల్స్, పైన రెండు పంది మాంసం ముక్కలు, సగానికి కోసిన ఉడకబెట్టిన గుడ్డు, తరిగిన ఉల్లికాడలు. పులుసు కోసం పంది ఎముకల్ని తెల్లవారినప్పటి నుంచీ పెద్ద డేగిసాలో మరగబెడతారు. మా ఇళ్ళల్లో పంది మాంసం వండరు గానీ, జ్వరమొచ్చి తగ్గినవాళ్ళకి మేక కాళ్ళ పులుసు కాచి తాగించడం నాకు తెలుసు. మొదటి రోజు ఆ వాసన చూడగానే, దేశం ఏదైనా ఎముకల పులుసు ఎముకల పులుసేనని తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను. బ్రిస్బేన్‌లో ఒక డాక్టర్ గారి భార్య మాత్రం ఫోన్ చేసి, "ఏమ్మా, పంది పులుసు కొట్లో చేరావంట?" అంది. "అవునాంటీ, ఒకసారి రండి, మారు కూడా వేస్తా" అన్నాను. ఆవిడ రాలేదు.

ఆ కొట్టు ఒంటిగా పుట్టింది కాదు. జపాన్‌లో ఊరూరా అదే పేరుతో, అదే ఎర్ర బోర్డుతో కొట్లున్నాయి. దేశం బయట పెట్టినది మాత్రం ఇదే మొదటిది. వాళ్ళ గొప్పంతా ఒక్కటే: ఏ కొట్లో తిన్నా ఒకటే గిన్నె. నూడుల్స్ త్రాసులో తూచి ఉడకబెట్టాలి. పులుసు ఒకే గరిటెతో పోయాలి. గుడ్డు సొన గట్టిపడకుండా దించాలి. మనిషి లోపలికి రాగానే కొట్లో ఉన్నవాళ్ళందరూ గొంతెత్తి జపాన్ మాటలో స్వాగతం చెప్పాలి. ఆ అరుపు నాకు మహా బాగా వచ్చేది. పొలంలో ఈ గట్టు మీద నుంచి ఆ గట్టు మీదున్న మనిషిని కేకేసినట్టు కేకేసేదాన్ని. ఒక ఆస్ట్రేలియా ఆవిడ హడలిపోయి వచ్చిన దారినే వెళ్ళిపోయింది కూడా.

మేనేజర్ గారు నలభై దాటిన సన్నటి మనిషి. నా పేరు చివర "సాన్" తగిలించి పిలిచేవారు. అది వాళ్ళ "గారు" అని తెలిశాక నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే కాబట్టి ఇద్దరం బాగానే కలిసి నడిచాం. లోపల వంటాయన ఒకడుండేవాడు. ఆయన మాట్లాడేవాడు కాదు. గోడలో ఉన్న చిన్న కిటికీలోంచి గిన్నెలు బయటికి తోస్తూ ఉండేవాడు, అంతే.

నా నిర్వాకం రెండోరోజే మొదలైంది. కొత్త పెళ్ళికొడుకు ఒకడు నూడుల్స్ అన్నీ జుర్రుకుని, గిన్నె రెండు చేతులా ఎత్తి, అడుగున ఒక్క చుక్క లేకుండా తాగేసి కింద పెట్టాడు. జుర్రుకోవడం నాకు కొత్త కాదు. చారన్నం చప్పుడు లేకుండా తినేవాణ్ణి మా నాన్న నమ్మేవాడు కాదు. నన్ను కలవరపెట్టింది ఆ ఖాళీ గిన్నె. పరాయి దేశం వచ్చి, కొత్త పెళ్ళాం పక్కన, ఆకలితో అడుగు నాకేసిన పిల్లాడు! కిటికీ దగ్గరికి వెళ్ళి ఇంకో గిన్నె చెప్పి తెచ్చి పెట్టాను. ఆ అబ్బాయి మొహం ముందు ఈగలు తోలుకుంటున్నట్టు చెయ్యి ఆడించాడు. వద్దనడం అది. వద్దంటే ఏమిటో నాకు తెలుసు కదా. "ఫర్వాలేదు, తిను నాయనా" అన్నాను తెలుగులోనే. వంగి వంగి దణ్ణాలు పెడుతూ తిన్నాడు. పెళ్ళికూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పడీ పడీ నవ్వింది.

అలా వారంపాటు సాగింది. తర్వాత ఒక మధ్యాహ్నం మేనేజర్ గారు నన్ను కూర్చోబెట్టారు.

"మా దేశంలో గిన్నె ఖాళీ చేస్తే, వంట బాగుంది అని అర్థం. అది వంటాయనకి దణ్ణం. మీరు మళ్ళీ పోస్తే, పాపం వాళ్ళు మళ్ళీ ఖాళీ చేయాలి. లేకపోతే వంటాయనకి అవమానం."

"మా దేశంలో గిన్నె ఖాళీ అయితే, ఇంట్లో అన్నం చాల్లేదు అని అర్థం. అది నాకు అవమానం" అన్నాను.

ఆయన తల గోక్కున్నారు. నా వైపు న్యాయం ఉందని ఆయనకి అనిపించిందనే నా నమ్మకం. కానీ పైనుంచి వచ్చిన పద్ధతి పద్ధతే. "ఒక మనిషికి ఒక గిన్నె. మీకు చూడలేకపోతే గోడ వైపు చూడండి" అన్నారు. ఆ రోజు నుంచి ఎవరైనా గిన్నె ఎత్తి తాగడం మొదలుపెడితే నేను చేతులు వెనక్కి కట్టుకుని గోడ వైపు తిరిగేదాన్ని. గోడ మీద ఒక పాత ఫొటో ఉండేది. నల్లటి జుట్టుతో బలంగా ఉన్న కుర్రాడొకడు తోపుడు బండి పక్కన నిలబడి ఉంటాడు. ఈ కొట్లన్నీ పెట్టిన పెద్దాయన ఆయనేనట. ఆయన మొహం చూస్తూ, "మీ అమ్మ నీకు మారు వేయలేదా అబ్బాయ్?" అని మనసులో అడిగేదాన్ని.

కొట్టు మాత్రం సరిగ్గా నడిచేది కాదు. ఎండలో మాడి, సముద్రంలో ఈదొచ్చిన ఆస్ట్రేలియా వాడు పొగలు కక్కే పులుసు ఎందుకు తాగుతాడు? వాడికి చేపా చిప్సే స్వర్గం. జపాన్ వాళ్ళని టూరు బస్సులు తిన్నగా పెద్ద హోటళ్ళకి తీసుకుపోయేవి. దారి తప్పి మా ఆర్కేడ్‌లోకి వచ్చిన జంటలే మాకు దిక్కు. వాళ్ళూ అనేవాళ్ళట, "ఇది మా వీధి చివరే దొరుకుతుంది, ఇంత దూరమొచ్చి ఇక్కడ కూడానా" అని. సాయంత్రం ఆరింటికి కొట్లో ఈగ కూడా ఉండేది కాదు.

ఆ ఆరు గంటల వేళంటే నాకు చాలా ఇష్టంగా ఉండేది. మేనేజర్ గారికి ఏడేళ్ళ కూతురుంది. బడి వదిలాక ఆయనే వెళ్ళి తీసుకొచ్చేవారు. వెడల్పు అంచు టోపీ, వీపు మీద తనకంటే పెద్ద సంచీ. మూల బల్ల దగ్గర కూర్చుని హోంవర్కు చేసుకునేది. ఆరు కాగానే వాళ్ళమ్మ ఇంటి దగ్గర నుంచి డబ్బాల్లో అన్నం, వేయించిన చేప, ఊరగాయ పట్టుకొచ్చేది. ముగ్గురూ ఆ మూల బల్ల దగ్గర కూర్చుని తినేవాళ్ళు. పైవాళ్ళ పద్ధతి ప్రకారం, పనివాళ్ళు జనం కూర్చునే చోట తినకూడదు. మేనేజర్ గారు మీరిన నియమం ఇదొక్కటే.

ఎందుకు మీరారో వాళ్ళావిడ చెప్పింది ఒకరోజు టీ తాగుతూ. జపాన్‌లో ఉన్నప్పుడు ఆయన పిల్ల లేవకముందే వెళ్ళి, పడుకున్నాక వచ్చేవారట. ఆదివారం ఒక్కరోజు కనిపించేవారు, అదీ సగం పూట. మూడేళ్ళప్పుడు, ఆయన బూట్లు వేసుకుని బయల్దేరుతుంటే పాప గుమ్మం దాకా వచ్చి, చుట్టాలతో అన్నట్టు, "మళ్ళీ రండి" అందట. ఆవిడ చెబుతూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆయన ఈ కొట్టు తను నడుపుతానని కోరి మరీ ఇంత దూరం రావడం అందుకేనని అప్పుడర్థమైంది.

అందుకే జపాన్ నుంచి ఫ్యాక్సు వచ్చిన రోజున మేనేజర్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. తోపుడు బండి పెద్దాయన స్వయంగా వస్తున్నాడు. ఆయనే చూసి, ఈ కొట్టు ఉంచాలో మూసేయాలో చెబుతాడు. మూస్తే మేనేజర్ గారు వెనక్కి వెళ్ళాలి. మళ్ళీ పొద్దున పోయి రాత్రి రావడమే.

ఇంటికెళ్ళి మా ఆయనతో చెప్పాను. "ఆ పెద్దాయనొచ్చినప్పుడైనా నీ చెయ్యి కట్టేసుకో తల్లీ. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, నీకు వడ్డన మొదలెడితే ఆపడం తెలీదు" అన్నారు.

"గోడ వైపు చూస్తాలెండి."

"గోడ వైపు కాదు, ఆ రోజు సిక్ లీవ్ పెట్టు!"

కోపమొచ్చి ఆ పూట కూరలో ఉప్పెక్కువేశాను. నోరు మూసుకుని తిన్నారు.

కొట్టంతా కడిగాం. గుడ్డ తెర ఇస్త్రీ చేశాం. పెద్దాయన తన పరివారంతో నెలాఖరున వస్తాడని అందరం ఎదురుచూస్తున్నాం. కానీ ఆయన ఆ లోపే, ఒక్కడే, వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం వచ్చి కూర్చున్నాడు.

ఆయనే అని నాకెలా తెలుస్తుంది? ఫొటోలో కుర్రాడి జుట్టు నల్లగా ఉంది. వచ్చినాయనకి అసలు జుట్టే లేదు. తడిసిన రెయిన్‌కోటు, చేతిలో చిన్న సంచీ, బుగ్గలు లోపలికి పోయిన మొహం. మేనేజర్ గారు పాపని తీసుకురావడానికి బడికి వెళ్ళారు. వంటాయన లోపల డేగిసా దగ్గర ఉన్నాడు, ఆయనకి గిన్నెలు తప్ప మనుషులు కనబడరు. నేను స్వాగతం కేక పెట్టాను. ముసలాయన ఉలిక్కిపడి, తర్వాత మెచ్చుకోలుగా తల ఊపి మూల బల్ల దగ్గర కూర్చున్నాడు.

గిన్నె తెచ్చిపెట్టాను. ఆయన ముందు పులుసు వాసన చూశాడు. తర్వాత ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. తర్వాత జుర్రాడు చూడండీ, మా నాన్న బతికుంటే లేచి కౌగిలించుకునేవాడు. అడుగు చుక్కతో సహా తాగి గిన్నె కింద పెట్టాడు. నేను గోడ వైపు తిరిగాను. నిజంగానే తిరిగాను. కానీ బయట వాన, కొట్లో మరో మనిషి లేడు, ఒంటరిగా ముసలాయన, ముందు ఖాళీ గిన్నె. ఎవరికి కన్నతండ్రో, ఎవరూ తోడు లేకుండా ఇంత దూరం వచ్చి, వానలో తడిసి, ఆకలితో ఊడ్చుకుని తిన్నాడు. మనిషి పుట్టుక పుట్టాక ఎంతసేపు గోడ చూస్తాం?

కిటికీ దగ్గరికి వెళ్ళి ఇంకొకటి చెప్పాను. ఎవరో కొత్తగా వచ్చారనుకుని వంటాయన తోశాడు. తెచ్చిపెట్టాను. ముసలాయన ఈగలు తోలాడు. "అయ్యో, మొహమాటపడకండి" అన్నాను. నా వంక చూశాడు, గిన్నె వంక చూశాడు. తర్వాత తెలిసిందేమంటే, తోపుడు బండి లాగిన రోజుల నుంచీ ఆయనకొక పట్టుదల ఉందట: తన పులుసు తను వదిలేయడం కన్నా కొట్టు మూసుకోవడం మేలని. అందుకని రెండోదీ ఖాళీ చేశాడు. ఖాళీ గిన్నె చూసి నేను ఊరుకోలేను, నిండు గిన్నె చూసి ఆయన ఊరుకోలేడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, అక్కడ ఇద్దరు మొండివాళ్ళం చేరాం.

మూడోసారి ఆయన గిన్నె మీద రెండు చేతులూ బోర్లించి గట్టిగా పట్టుకున్నాడు. ఆ భంగిమ నాకు బాగా తెలుసు. మా పెళ్ళి భోజనాల్లో విస్తరి మీదికి ఒంగి చేతులు అడ్డం పెడతారే, అదే. మా వైపు అసలు వడ్డన అప్పుడే మొదలవుతుంది. నేను కిటికీలోంచి మూడో గిన్నే, ఒక గరిటే అందుకొచ్చి పక్కనే నిలబడి కాచుకున్నాను. ఆయన నుదుటి మీద చెమట తుడుచుకోవడానికి ఒక చెయ్యి ఎత్తాడు. ఆ సందులోంచి కాసిని నూడుల్స్, గుడ్డు, రెండు ముక్కలు వేసేసి గరిటెడు పులుసు పోశాను. మింగలేక కక్కలేక, ఒక్కొక్క నూడుల్ లెక్కపెట్టినట్టు తిన్నాడు.

తిన్నాక లేవబోయాడు. లేవలేక మళ్ళీ కూర్చున్నాడు. బెల్టు ఒక చిల్లు వదులు చేసుకున్నాడు. నాకు జాలేసి నా హ్యాండ్‌బ్యాగులోంచి వాము తీసి, ఉప్పురాయితో కలిపి ఆయన అరచేతిలో పోశాను. నమిలి మొహం వంకర్లు తిప్పాడు. కాసేపటికి బ్రేవుమని ఒక త్రేన్పు త్రేన్చాడు. అంత గొప్ప మెచ్చుకోలు నాకు ఆ దేశంలో అంతవరకూ ఎవరూ ఇవ్వలేదు. సంతోషంతో బల్ల తుడుస్తున్నాను.

అప్పుడే తెర పక్కకి జరిగి మేనేజర్ గారూ, పాపా లోపలికి వచ్చారు. ఆయన మొదట మూడు ఖాళీ గిన్నెల్ని చూశారు, తర్వాత మనిషిని. గొడుగు చేతిలోంచి జారిపోయింది. నడుము రెండుగా మడిచినట్టు వంగిపోయారు. అలా వంగి లేవరే! లోపల్నుంచి వంటాయన తొంగిచూసి, పరుగెత్తుకొచ్చి ఆయన పక్కనే వంగిపోయాడు. గోడ మీద ఫొటో వంక, ముసలాయన వంక చూశాను. చెవులు ఒకటే. మా ఆయన సిక్ లీవ్ పెట్టమన్న మాట చెవిలో గంటలా మోగింది.

పెద్దాయన వాళ్ళని లేవమని సైగ చేసి ఏదో అన్నాడు. తను లేవలేనని, అందుకే వాళ్ళనే లేవమన్నాడని తర్వాత తెలిసింది. నిజంగానే లేవలేకపోయాడు. వాన తగ్గింది, మళ్ళీ పట్టుకుంది, ఆయన అక్కడే. మేనేజర్ గారు కొట్టు లెక్కలు తెచ్చి ముందు పెడితే పక్కకి తోసేశాడు. పాపకి మాత్రం ఎవరి భయమూ లేదు. వెళ్ళి ఆయనకి ఎదురుగా కూర్చుని హోంవర్కు తీసింది. బొమ్మలకి రంగులేస్తూ ఆయనతో వాళ్ళ భాషలో ఏవో కబుర్లు చెబుతోంది. ఆయన ఏదో అడిగాడు, అది గోడ గడియారంలో ఆరు అంకె వైపు వేలు చూపించింది. మేనేజర్ గారి ముఖం చూడలేకపోయాను. ఈ పిల్ల తెలియకుండానే కొంప ముంచుతోందని నాకూ అర్థమైపోయింది.

ఆరయింది. ఏమీ తెలియని వాళ్ళమ్మ డబ్బాలు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. మేనేజర్ గారు వెళ్ళిపొమ్మని కళ్ళతో చెప్పారు. కానీ పాప అప్పటికే పుస్తకాలు సంచీలో పెట్టేసి, అన్నం తినే పుల్లలు మూడు జతలు సర్దేసింది. పెద్దాయన మేనేజర్ గారితో చిన్నగా ఒక మాట అన్నాడు. వాళ్ళావిడ నా పక్కగా వస్తూ గొణిగింది, "రోజూ తిన్నట్టే తినమంటున్నారు."

తిన్నారు. పాపం, ముద్ద ఎవరికి దిగుతుంది? పాపకి తప్ప. అది బడిలో ఎవరో అబ్బాయి డబ్బాలో బల్లిని తెచ్చిన సంగతి చేతులు ఊపుతూ చెబుతోంది. మేనేజర్ గారు అలవాటు కొద్దీ చేపలోంచి ముళ్ళు తీసి దాని అన్నం మీద పెడుతున్నారు. పాప ఒక ముక్క పక్కకి తోసేస్తే, చర్మం ఉందని తెలిసి, అది తీసేసి మళ్ళీ పెట్టారు. పెద్దాయన ఆ చేతుల వంకే చూస్తున్నాడు. తర్వాత ఏదో అన్నాడు, పాపతో అన్నట్టుగా. వాళ్ళావిడ తినడం ఆపేసింది. "నాకూ కొడుకులున్నారు, వాళ్ళు ఏ చేప తింటారో నాకు తెలియదు అంటున్నారు" అని నాకు ఇంగ్లీషులో చెప్పింది.

అప్పుడు మేనేజర్ గారి వైపు తిరిగాడు. గొంతు మారింది. ఈసారి మాటలు ఒకదాని వెనక ఒకటి, మేకులు కొట్టినట్టు వచ్చాయి. మేనేజర్ గారి తల మాట మాటకీ కిందికి వంగుతోంది. వాళ్ళావిడ నాకు చెబుతూ పోయింది. నా కొట్లలో ఎక్కడైనా ఒకటే గిన్నె, ఒకటే కొలత. ఇక్కడ ఒక మనిషికి మూడు గిన్నెలు తాగించారు. నా కొట్లలో మేనేజర్ జనం బల్ల మీద పెళ్ళాం పిల్లలతో కూర్చుని అన్నం తినడు. ఇది నా కొట్టు కాదు. వచ్చే నెల నా బోర్డు దింపేయండి.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతులు వెనక్కి కట్టుకోవడం మర్చిపోయి ముందుకెళ్ళాను. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదేనయ్యా!" అని తెలుగులో మొదలెట్టి, వచ్చిన ఇంగ్లీషంతా కూడగట్టుకున్నాను. "పెట్టింది నేను. ఆయన వద్దన్నారు, అయినా నేను పెట్టాను. తిట్టేదేదో నన్ను తిట్టండి. నన్ను పంపేయండి. ఆయన్ని ఆ పిల్ల దగ్గర ఉండనివ్వండి!" నా గొంతు మా వీధి చివరికి వినిపించేలా ఉంది. వంటాయన అప్పుడు మొదటిసారి నన్ను మనిషిని చూసినట్టు చూశాడు.

మేనేజర్ గారు నేను అన్నదాన్ని ఆయనకి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, పొట్ట మీద చెయ్యి వేసుకుని, నిదానంగా రెండు మాటలు అన్నాడు. ఈసారి మేనేజర్ గారి తల ఇంకా కిందికి పోలేదు, చటుక్కున పైకి లేచింది. వాళ్ళావిడ నా వైపు తిరిగింది.

"బోర్డు దింపమన్నాను గానీ పొయ్యి ఆర్పమన్నానా, అంటున్నారు. కొట్టు ఈయన్నే ఉంచుకోమంటున్నారు. సొంతంగా. పులుసు కూడా సొంతంగా కాచుకోమంటున్నారు, తన పేరు చెప్పొద్దంట."

ఇచ్చిపుచ్చుకోవడాలు వాళ్ళిద్దరూ తర్వాత కూర్చుని తేల్చుకున్నారు, అవి నాకు తెలియవు, నేనడగలేదు. ఆ క్షణానికి నాకు తెలిసిందల్లా మేనేజర్ గారు వెనక్కి వెళ్ళక్కర్లేదని. ఎర్ర బోర్డు లేకుండా, ఊరూరా ఉన్న పేరు లేకుండా, ముక్కూ మొహం తెలియని ఊళ్ళో, సొంత పులుసుతో బతకాలి. అది చిన్న మాట కాదు, ఆయన మొహంలో భయమూ కనబడుతోంది. కానీ నాకు ఆనందం ఆగలేదు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతూ నిలబడ్డాను, ఎవరేమనుకుంటే నాకేం.

పాప మాత్రం పెద్దవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తూ పుల్లలు పట్టుకుని కూర్చుంది. దానికి బోర్డు సంగతీ అర్థం కాలేదు, సొంతం సంగతీ అర్థం కాలేదు. బడికి పోతున్నప్పట్నుంచీ అమ్మానాన్నలతో ఇంగ్లీషులోనే మాట్లాడేది కాబట్టి, తర్వాత అది అడిగింది నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నాన్నా, రేపు కూడా ఇక్కడే తింటామా?"

మేనేజర్ గారు తల ఊపారు.

"ఫ్రైడే కూడానా?"

ఊపారు.

"సాటర్‌డే?"

పాప వారంలో రోజులన్నీ ఒక్కొక్కటే అడిగింది. ఆయన అన్నిటికీ తల ఊపారు.